కలవకపోవటమే వాటి పని

ఆవర్తన పట్టికలో కుడివైపు చివరి గ్రూపులో ప్రకృతిసిద్ధమైన ఆరు వాయువులున్నాయి: హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్. వీటిని ఉత్కృష్ట వాయువులంటారు. దేనితోనూ సులభంగా కలవని ఈ వాయువుల వల్ల ఉపయోగమేమిటని క్లాసులో చాలామంది అడుగుతుంటారు. నా ఉద్దేశంలో, కలవకపోవటమే వాటి ఉపయోగం.

వీటి పరమాణువుల బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటాయి. హీలియానికి రెండే, కాని దాని కక్ష్యకు అవే చాలు. ఒకరికి ఇవ్వవలసిందీ లేదు, ఒకరి దగ్గర పుచ్చుకోవలసిందీ లేదు. అందుకే పూర్వం జడవాయువులనేవారు. 1962లో బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం తయారుచేశాక ఆ పేరు పూర్తిగా నిజం కాదని తేలింది.

మనం పీల్చే గాలిలో 0.93 శాతం ఆర్గానే. అయినా 1894 దాకా ఎవరి కంటా పడలేదు. గాలి నుంచి తీసిన నత్రజని లీటరు సుమారు 1.257 గ్రాములు, రసాయనాల నుంచి తీసినది 1.251 గ్రాములు తూగింది. మన లాబుల్లోనైతే ప్రయోగదోషమని రాసి ఊరుకునే తేడా! ర్యాలీ ఊరుకోలేదు. ఆయన, రామ్సే కలిసి ఆ తేడాకు కారణమైన వాయువును పట్టుకున్నారు. గ్రీకులో ఆర్గాన్ అంటే సోమరి. ఫిలమెంటు బల్బులో టంగ్‌స్టన్ తీగ త్వరగా ఆవిరైపోకుండా కాపాడేది ఈ సోమరే. అల్యూమినియం వెల్డింగులో కరిగిన లోహానికి గాలి తగలకుండా కప్పేదీ ఇదే.

ఇక నియాన్. పంపుసెట్టు దగ్గరుండే టెస్టరు పిడిలో చిన్న నియాన్ దీపం, పెద్ద నిరోధం ఉంటాయి. కొనను కరెంటు తీగకు ఆనించి వెనక బిళ్లపై వేలు పెడితే, మనకు తెలియనంత స్వల్పంగా కరెంటు పారుతుంది. అంతమాత్రానికే నియాన్ ఎర్రగా వెలుగుతుంది. మా నాన్న కెమిస్ట్రీ చదవలేదు గాని, ఈ వాయువును అడగందే స్టార్టరులో చెయ్యి పెట్టడు.

2017లో శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-9 ఉపగ్రహం విద్యుత్ చోదనానికి జినాన్ వాడింది. రేడాన్ మాత్రం రేడియోధార్మికం, ఊపిరితిత్తులకు చేటు.

హీలియం కథలో మన గుంటూరుకు చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడి నుంచే సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఆ జ్వాలల్లోని పసుపు గీత సోడియంది కాదని గుర్తించాడు. సూర్యుని గ్రీకు పేరే దానికి పెట్టారు. భూమి మీద అది 1895లో రామ్సేకు ఒక యురేనియం ఖనిజంలో దొరికింది.

నేడు ఆస్పత్రుల్లో ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలను చల్లబరిచేది మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం. భూగర్భంలో యురేనియం, థోరియం క్షీణించగా కోట్ల ఏళ్లకు పోగై, సహజవాయువుతో పాటు బయటికొస్తుంది. ఉదజని కూడా తేలికే, కాని నీటిలో బంధమై భూమి మీద నిలిచింది. హీలియానికి అలాంటి బంధువు లేడు. వదిలేస్తే గాలిలో కలిసి, మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది.

వేడుకల్లో ఎగరేసే బెలూనులోనిదీ, రోగి పడుకున్న యంత్రంలోనిదీ ఒకటే హీలియం. వాడినచోటే తిరిగి పట్టి ద్రవంగా మార్చే పద్ధతులున్నాయి. వాటిని నేర్చుకుని నడపవలసింది రేపు లాబుల్లోకి వెళ్లే మనమే.