'మ్యూరియేట్' అంటే ఏమిటి?

ఎరువుల ధరల పట్టికలో 'మ్యూరియేట్ ఆఫ్ పొటాష్' అన్న పేరు కనిపిస్తుంది. రసాయన శాస్త్రం ఈ మాటను ఎప్పుడో వదిలేసింది. బజారు మాత్రం వదలలేదు.

లాటిన్‌లో 'మురియా' అంటే ఉప్పునీరు. ఉప్పు నుంచి తీసిన ఆమ్లాన్ని మ్యూరియాటిక్ ఆమ్లమనీ, దాని లవణాలను మ్యూరియేట్లనీ పిలిచేవారు. ఆ ఆమ్లంలో ఆక్సిజన్ ఉందని లవోయిజర్ భావించాడు. అందులో ఉన్నది క్లోరిన్ అనే మూలకమని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. ఆ తరువాత మ్యూరియేట్ క్రమంగా క్లోరైడ్ అయింది. ఇక 'పొటాష్' అన్నది కట్టె బూడిదను నీటిలో కలిపి, ఆ తేటను కుండల్లో మరిగించి తీసిన రోజుల నాటి పేరు.

బస్తా మీది 60 శాతం కూడా పాత పద్ధతి లెక్కే. అది పొటాషియం ఆక్సైడ్ రూపంలో కట్టినది. 50 కిలోల బస్తాలో అసలు పొటాషియం సుమారు 25 కిలోలు.

ఆ పేరు చాటున ఉన్న క్లోరైడ్‌ను పొగాకు రైతు మరువరాదు. అది ఎక్కువైతే ఆకు సరిగా కాలదు, నాణ్యత దెబ్బతింటుంది. అందుకే పొగాకుకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడతారు. దాని ఖరీదు ఎక్కువ. వాడుకలో రెండూ 'పొటాషే' గనుక, కొనేముందు బస్తా మీది పూర్తి పేరు చదువుకోవడం మేలు.