ఆంగ్ల సంగీతములో పల్లెసీమ

ఆంగ్ల సాహిత్యమును పాఠ్యాంశముగా చదివే విద్యార్థులకు వర్డ్స్‌వర్త్, హార్డీ పేర్లు సుపరిచితములే. కాని ఆ దేశపు పల్లెసీమను గూర్చిన కవితలకు స్వరములు కూర్చినవారి పేర్లు మన తరగతి గదులలో అంతగా వినిపించవు. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధములో ఇంగ్లండులో వర్ధిల్లిన ఈ స్వరకర్తలను ‘పాస్టరల్’ సంప్రదాయమువారని వ్యవహరిస్తారు. లాటిన్ భాషలో ‘పాస్టర్’ అనగా గొర్రెల కాపరి. ఆ మాట వినగానే పచ్చిక బయళ్లు, పిల్లనగ్రోవి, చీకుచింత లేని జీవితము మనస్సులో మెదలుట సహజము. అయితే ఈ సంగీతమునకు మూలము చేజారిపోతున్న దానిని నిలుపుకొనవలెనన్న ఆరాటమని పాఠకులకు విన్నవించుటయే మా ఉద్దేశము.

1851 జనాభా లెక్కల నాటికి ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో పట్టణవాసుల సంఖ్య పల్లెవాసుల సంఖ్యను దాటినది. 1901 నాటికి ప్రతి నలుగురిలో ముగ్గురు పట్టణవాసులే. పల్లె పాటలు వృద్ధుల నాలుకలపై మాత్రమే మిగిలినవి. 1903లో సెసిల్ షార్ప్ అను సంగీతోపాధ్యాయుడు సోమర్‌సెట్ ప్రాంతపు హాంబ్రిడ్జ్ గ్రామములో ఒక తోటమాలి పాటను విని వ్రాసుకొన్నాడు. ఆ సంవత్సరము డిసెంబరులోనే రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఎసెక్స్ ప్రాంతపు ఇంగ్రేవ్‌లో ఒక వృద్ధ శ్రామికుడు పాడిన పాటకు ముగ్ధుడైనాడు. అటుపిమ్మట ఆయన ఎనిమిది వందలకు పైగా పాటలను సేకరించినాడు. ఆయన మిత్రుడు జార్జ్ బటర్‌వర్త్ సేకరించినవి నాలుగు వందల యాభైకి పైమాటే.

ఈ సేకరణ వారి స్వరరచనను మార్చివేసినది. పట్టణపు సంగీతశాలలలో మేజర్, మైనర్ అను రెండు స్వరక్రమములదే రాజ్యము. పల్లె పాటలలోనో డోరియన్, మిక్సొలిడియన్ వంటి ప్రాచీన స్వరక్రమములు సజీవముగా ఉన్నవి. మన సంగీతము తెలిసినవారికి ఇవి కొత్త కావు. స్వరస్థానములను బట్టి చూచినచో డోరియన్ మన ఖరహరప్రియకు, మిక్సొలిడియన్ హరికాంభోజికి సమానములు.

పాటకు తగిన బాణీ దొరికినది. ఇక తగిన కవిత కావలెను. దానిని సమకూర్చినవాడు ఎ. ఇ. హౌస్‌మన్. ఈయన లాటిన్ ఆచార్యుడు. అరువది మూడు కవితలతో ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ అను సంపుటిని 1896లో స్వంత వ్యయముతో ప్రకటించినాడు. విశేషమేమనగా, ఆయన ష్రాప్‌షైరులో పుట్టినవాడు కాడు. పొరుగు సీమయైన వూస్టర్‌షైరులో పెరుగుతూ పడమటి దిక్కున కనిపించే ఆ కొండలను చూచినవాడు. లండనులో ఉండగా ఆ దూరపు కొండలే ఆయన కవితలలో ఒక పల్లెసీమగా రూపొందినవి.

ఈ సంపుటిలోని ఒక కవితను ఉదాహరణగా తీసికొందము. మరణించిన యువకుడొకడు సమాధి నుండి మిత్రుని ప్రశ్నిస్తాడు. నేను తోలిన గుర్రములు ఇంకను పొలము దున్నుచున్నవా? నా చెలి క్షేమమేనా? మిత్రుడు అన్నిటికిని బదులు చెప్పి, చివరకు ఆ చెలి ఇప్పుడు తన వద్దనే ఉన్నదని సూచిస్తాడు. 1911లో బటర్‌వర్త్ దీనికి కూర్చిన స్వరములలో మృతుని గొంతు మెల్లగా, సన్నగా దిగివస్తుంది. బ్రతికినవాని గొంతు బిగ్గరగా పలుకుతుంది. అంతకు ముందే, 1909లో, వాన్ విలియమ్స్ ఇదే కవితను పియానో, నాలుగు తీగవాద్యముల తోడుతో స్వరపరచినాడు. ఆయన రచనలో మిత్రుని జవాబులలో కలవరము ధ్వనిస్తుంది. కవిత ఒక్కటే, విన్నవారి హృదయములు రెండు.

ఇక్కడ ఒక వివాదమును ప్రస్తావింపవలెను. వాన్ విలియమ్స్ ఆ కవితలో కాలిబంతి ఆటను గూర్చిన రెండు చరణములను వదలివేసినాడు. హౌస్‌మన్ కోపించినాడు. అటువంటి పంక్తులను వదలినందుకు కవి కృతజ్ఞుడై ఉండవలెనని స్వరకర్త బదులిచ్చినాడు. మా దృష్టిలో కవి పక్షమునకే బలమెక్కువ. పొలము, ఆటస్థలము, చెలి, మిత్రుడు అను వరుసలోనే ఆ కవిత యొక్క వేదన క్రమముగా పెరుగుతుంది. మధ్యమెట్టు తీసివేసిన అది తగ్గుతుంది. బటర్‌వర్త్ అన్ని చరణములను ఉంచినాడు.

ఇంతలో 1914లో మహాయుద్ధము వచ్చినది. బటర్‌వర్త్ సైన్యములో చేరినాడు. ఆయన స్వరపరచిన మరియొక పాటలో ఇరువది ఏండ్ల యువకుడు చెర్రీ చెట్టు పూతను చూచి, డెబ్బది ఏండ్ల ఆయుర్దాయములో ఇక ఏబదియే మిగిలినవని లెక్కించుకొంటాడు. బటర్‌వర్త్‌కు 31 ఏండ్లే దక్కినవి. 1916 ఆగస్టు 5న ఫ్రాన్సులో సోమ్ యుద్ధమున పొజియేర్ వద్ద మరణించినాడు. దేహము లభింపలేదు; తియెప్వాల్ స్మారకముపై పేరు మాత్రము ఉన్నది. గ్లాస్టర్ పట్టణమున పుట్టిన ఐవర్ గర్నీ కవియు, స్వరకర్తయు. 1917లో యుద్ధరంగమున ఉండి, స్వగ్రామపు కొండలకై తపించే తన మిత్రుని కవితకు స్వరములు కూర్చినాడు. అదే సంవత్సరము గాయపడి, విషవాయువుకు గురియైనాడు. 1922 నుండి 1937లో కన్నుమూసేవరకు మానసిక చికిత్సాలయములలోనే గడిపినాడు.

తరువాతి తరమువారు కొందరు ఈ సంగీతమును పచ్చిక, పశువుల సంగీతమని పరిహసించినారు. వారికి సమాధానము వాన్ విలియమ్స్ 1922లో వినిపించిన ‘పాస్టరల్ సింఫనీ’. దాని పేరు విని ఇంగ్లండు పొలములనుకొన్నవారు పొరపడినారు. వైద్యదళములో పనిచేస్తూ ఆయన చూచిన ఫ్రాన్సు దేశపు సాయంకాలములు అవి. అందులో దూరమున వినవచ్చే బాకానాదము, ఒక సైనికుడు అభ్యాసము చేయుచుండగా ఆయన విన్నదే. చివర మాటలు లేని ఒక కంఠము మాత్రము పలుకుతుంది.

పల్లెను వదలి చదువులకై పట్టణము చేరిన మన విద్యార్థులలో అనేకులకు ఈ వేదన అపరిచితము కాదు. వాన్ విలియమ్స్ కాగితము, కలము పట్టుకొని ఒక శ్రామికుని ముందు కూర్చొనుటతోనే ఇదంతయు ఆరంభమైనదని మరువరాదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మ, నానమ్మల నోటి పాటలను వ్రాసికొనుటకు మన విద్యార్థులకు సైతము అంతకంటె ఎక్కువ సామగ్రి అవసరము లేదు.