వార్తల్లో పదం: అక్రోమెగలీ

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలో సాధారణంగా క్యాన్సర్ కాని కణితి ఏర్పడి, పెద్దవయసులో గ్రోత్ హార్మోన్ అతిగా విడుదల కావడమే అక్రోమెగలీ. ఫ్రెంచి వైద్యుడు పియరీ మరీ 1886లో ఈ పేరు పెట్టారు. చేతులు, పాదాలు, దవడ, నాలుక ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. ఉంగరం బిగుసుకుంటున్నా, చెప్పుల సైజు మారుతున్నా అనుమానించాలి.

మామూలుగా ఈ హార్మోన్ గాఢనిద్రలో ఎక్కువగా విడుదలవుతుంది. అక్రోమెగలీ రోగుల్లో అది పగలూ రాత్రీ ఎక్కువగానే ఉంటుంది. నాలుక, గొంతు కణజాలం మందమై చాలామందికి నిద్రలో శ్వాస ఆగుతుంటుంది. అందుకే మత్తుమందు ఇచ్చేముందు డాక్టరుకు జబ్బు సంగతి తప్పక చెప్పాలి. ఐజీఎఫ్-1 రక్తపరీక్షతో దీన్ని ముందే పసిగట్టవచ్చు. ముక్కు గుండా చేసే శస్త్రచికిత్స, మందులతో అదుపు చేయవచ్చు.