మామిడిపండు మీద మచ్చ ఎప్పుడు పడింది?

మే నెలలో చాదర్‌ఘాట్ వంతెన దాటి మలక్‌పేట వైపు నడిస్తే రోడ్డు ప్రక్కన మామిడిపండ్ల బండ్లు కనిపిస్తాయి. కోస్తావారు బంగినపల్లి అనే పండును ఇక్కడ బేనిషాన్ అంటారు. మచ్చలేనిది అని ఆ మాటకు అర్థం.

అటువంటి బండి ఒకటి మా తొమ్మిదో తరగతి విద్యార్థి తండ్రిది. ఒక ఉదయం నేను వెళ్ళేసరికి కుర్రవాడు తల వంచుకొని నిలబడి ఉన్నాడు.

"మొన్న బాటసింగారం మార్కెట్ల కొన్నప్పుడు బంగారం లెక్కున్నయి సార్. ఇయ్యాల చూస్తే అన్నీ నల్లమచ్చలే. వీడే డబ్బాలు దించుకుంట కింద పడేసిండు, ఒప్పుకుంటలేడు" అన్నాడు తండ్రి.

"నేను పడెయ్యలేదు సార్" అన్నాడు కుర్రవాడు. రెండు డబ్బాల పండ్లు. ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు.

నేను ఒక పండును చేతిలోకి తీసుకున్నాను. దెబ్బ తగిలిన పండు ఎలా ఉంటుందో మీకు తెలుసు. తగిలినచోట మెత్తబడి, లోపలి గుజ్జు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇది అలా లేదు. చిన్న చిన్న నల్లమచ్చలు కొన్ని ఒకదానితో ఒకటి కలిసి, కొంచెం లోపలికి కుంగి ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మచ్చలు తొడిమ దగ్గర మొదలై కొన వైపు చారలుగా దిగాయి, ఏడ్చిన పిల్లవాడి చెంపల మీద కన్నీటి చారల మాదిరిగా. డబ్బాలో పండ్లు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. తొడిమ పైకి, కొన క్రిందికి ఉండేది ఎప్పుడు? చెట్టుకు వ్రేలాడేటప్పుడు. కాబట్టి ఈ మచ్చల విత్తనం డబ్బాలో పడలేదు. తోటలోనే, నీటిచుక్కతో పాటు జారింది.

దీనిని మచ్చతెగులు అంటారు. శాస్త్రజ్ఞులు ఆంత్రాక్నోస్ అంటారు. గ్రీకు భాషలో 'ఆంత్రాక్స్' అంటే బొగ్గు. దీనికి కారణమైన శిలీంధ్రం కొల్లెటోట్రైఖమ్ గ్లియోస్పోరియాయిడిస్. పేరు చూచి భయపడకండి, పరీక్షలో అడగరు. 1882లో పెంజిగ్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. చాలాకాలం అందరూ ఇది ఒకే జాతి అనుకున్నారు. డి.ఎన్.ఏ.ను పోల్చి చూచిన తరువాత, 2012లో, ఆ ఒక్క పేరు క్రింద 20కి పైగా జాతులు దాగి ఉన్నాయని తేల్చారు.

ఎండిన కొమ్మలు, ఆకులు దీని నివాసం. అక్కడ దీని సిద్ధబీజాలు నారింజరంగు జిగురులో ముద్దగా ఉంటాయి. జిగురు వల్ల గాలికి తేలికగా ఎగరవు. వాన పడాలి, చుక్క చిందాలి. ఒక్కొక్క సిద్ధబీజం పొడవు మిల్లీమీటరులో సుమారు 65వ వంతు. తడిగా ఉన్న పచ్చికాయ మీద పడితే అది మొలకెత్తి, సన్నని గొట్టం చాచి, దాని చివర నల్లని బుడిపెను కట్టుకొంటుంది. ఆ బుడిపె కాయను గట్టిగా కరచుకొని, లోపల పీడనం పెంచుకొని, కాయ పైనున్న మైనపు పొరలోకి మేకు దిగినట్లు దిగుతుంది. మొక్కజొన్నకు పట్టే దీని సోదరజాతిలో ఆ బలాన్ని 1999లో కొలిచారు. లోపలి పీడనం వాతావరణ పీడనానికి 50 రెట్లు మించిందని తేలింది. కారు టైరులో ఉండేది రెండు మూడు రెట్లే!

ఇంత బలంతో దిగిన శిలీంధ్రం తరువాత ఏమి చేస్తుంది? ఏమీ చేయదు. చర్మంలోనే ఆగిపోతుంది. పచ్చి మామిడికాయ తొక్కలో శిలీంధ్రాలను అణచివేసే రెసార్సినాల్ జాతి పదార్థాలు ఉంటాయి. వారాలు, నెలలు గడిచినా కాయ మీద మచ్చ కనిపించదు. కాయ పండేటప్పుడు ఆ పదార్థాలు తగ్గిపోతాయి. అప్పుడు శిలీంధ్రం లేస్తుంది.

పండే సమయం దానికెలా తెలుస్తుంది? పండే కాయ ఎథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. 1994లో ఫ్లైష్‌మన్, మనదేశంలో పుట్టిన కొలట్టుకుడి అమెరికాలో ఒక చక్కని ప్రయోగాన్ని ప్రకటించారు. కొద్దిపాటి ఎథిలీన్ తగిలితే చాలు, సిద్ధబీజాలు మొలకెత్తి ఒక్కొక్కటి అనేక బుడిపెలు కట్టాయి. ఎథిలీన్ తయారు చేసుకోలేని టమాటాలను కూడా వారు వాడి చూచారు. వాటి మీద సిద్ధబీజాలు అలా విజృంభించలేదు. బయటి నుంచి ఎథిలీన్ ఇచ్చాకనే విజృంభించాయి. కాయను పండించే సంకేతాన్నే శత్రువు కూడా వింటోందన్న మాట! పండ్లు మాగబెట్టే గదులలోకి పంపేదీ ఈ వాయువునే.

మీరూ ఒక పరీక్ష చేయవచ్చు. ఒకే చెట్టువి, బాగా ముదిరిన పచ్చికాయలు పన్నెండు తీసుకోండి. ఆరింటిని 52 డిగ్రీల సెల్సియస్ నీటిలో 10 నిమిషాలు ఉంచి, తీసి నీడలో ఆరబెట్టండి. పెద్దవారిని దగ్గర ఉంచుకోండి. బడిలోని థర్మామీటరే వాడండి. జ్వరం చూచేది 42 డిగ్రీలు దాటి చూపలేదు, పగిలిపోతుంది. నీరు 55 దాటితే తొక్క కమిలిపోతుంది. మిగిలిన ఆరింటిని ఊరకే ఉంచండి. అన్నీ పండాక మచ్చలు లెక్కపెట్టండి. ఆ వేడి కాయను ఉడికించదు గాని తొక్కలోని శిలీంధ్రాన్ని చాలావరకు చంపుతుంది. తోటలో అయితే ఎండుపుల్లలు కత్తిరించి కాల్చడం, పూత నాటి నుంచి మందు చల్లడం ముఖ్యం.

బండి దగ్గర ఈ సంగతులలో సగమే చెప్పాను. చారలు మాత్రం మరో నాలుగు పండ్ల మీద చూపించాను. తండ్రి ఒక పండును తొడిమ పట్టి, చెట్టుకున్నట్లు వ్రేలాడదీసి చూచాడు. కొడుకుతో ఏమీ అనలేదు. మచ్చలు తొక్క వరకే ఉన్న పండ్లను ఏరి, రసానికని వేరే పెట్టమన్నాడు.

తరువాత నన్ను అడిగాడు: "మరి కొనేటప్పుడు ఎట్ల తెలుస్తది సార్?"

"కాయను చూస్తే తెలియదు. పూత మీద, పిందె మీద ఆ తోటలో వాన పడిందా అని అడుగు" అన్నాను.

మరుసటి ఆదివారం మార్కెట్టుకు కొడుకునూ వెంట తీసుకుపోయాడు. దళారిని ఆ ప్రశ్న అడిగినవాడు కుర్రవాడేనట.