మంద కాచే కుక్క – కాపరి స్వభావం
యజమాని గుణమే కుక్కకు అబ్బుతుందన్న నమ్మకం లోకంలో ఉంది. నెల్లూరు జిల్లా పశ్చిమాన ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల్లోని గొర్రెల కాపరుల కుక్కలు దీని పరిశీలనకు తగిన ఉదాహరణ. పగలు మంద వెంట నెమ్మదిగా నడిచే కుక్కే రాత్రి దొడ్డి వద్ద కొత్తవారిపై విరుచుకుపడుతుంది. ఈ భేదం కాపరి గుణంలోది కాదు, కుక్కకు అప్పగించిన పనిలోది.

2019లో స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మంద కాచే జాతులకు చెందిన 58 కుక్కల, వాటి యజమానుల వెంట్రుకల్లో కార్టిసాల్‌ను కొలిచి, ఇరువురి దీర్ఘకాలిక ఒత్తిడిలో సామ్యాన్ని గుర్తించారు. 2021 నాటి అధ్యయనంలో ప్రాచీన జాతుల్లోనూ, ఒంటరిగా వేటాడే జాతుల్లోనూ ఆ సామ్యం కనిపించలేదు. మనిషితో కలిసి పనిచేయడానికి తరతరాలుగా ఎంపికైన జాతుల్లోనే అది వ్యక్తమవుతున్నదని దీనివల్ల భావించవచ్చు. పైగా ఒత్తిడి వేరు, స్వభావం వేరు. కనుక కుక్క కరిచిందని కాపరిని క్రూరునిగా ఎంచడం న్యాయం కాదు; దాని పెంపకాన్నీ పనినీ ముందుగా విచారించాలి.