అరవై కిలోల వీరులు – జపాన్ కిక్ బాక్సింగ్ సంగతులు



ఈసారి గోడ పత్రికలో ఆటల పేజీ నాకు వచ్చింది. క్రికెట్ మీద రాయమని కొందరు, కబడ్డీ మీద రాయమని కొందరు వెంటపడ్డారు. కానీ నేను జపాన్ దేశపు కిక్ బాక్సింగ్ గురించి రాస్తున్నాను. ఎందుకో మీకు తెలుసు. పోయిన నెల ఒక రాత్రి లైట్లార్పే బెల్లు కొట్టాక మన డార్మిటరీలో ఇద్దరు మంచాల మధ్య "కిక్ బాక్సింగ్" ఆడారు. ఒకడి పెదవి పగిలింది. ఇంకొకడి కాలు ట్రంకు పెట్టెకు తగిలి వారం రోజులు కుంటాడు. ఆ కుంటినవాణ్ణి నేనే.

పొద్దున్నే వార్డెన్ సారు పిలిపించారు. దెబ్బలు ఖాయం అనుకున్నాం. సారు కొట్టలేదు. "ఆ ఆట ఏమిటో పూర్తిగా తెలుసుకుని రాయరా. రాసినంక కూడా మంచాల మధ్య ఆడాలనిపిస్తే అప్పుడు చూద్దాం" అన్నారు. నేను తెలుసుకున్నది ఇదిగో.

ఈ ఆట ఎక్కడ పుట్టింది?

థాయ్‌లాండ్‌లో ముయే థాయ్ అనే పాత యుద్ధవిద్య ఉంది. అందులో పిడికిళ్ళు, కాళ్ళు, మోకాళ్ళు, మోచేతులు అన్నీ వాడతారు. జపాన్‌లో ఉన్నది కరాటే. ఈ రెండింట్లో ఏది గొప్ప అనే వాదన వచ్చింది. 1964లో ముగ్గురు జపాన్ కరాటే వాళ్ళు బ్యాంకాక్ వెళ్ళి థాయ్ యోధులతో తలపడ్డారు. ఇద్దరు గెలిచారు. కెంజి కురొసాకి అనే ఆయన మాత్రం మోచేతి దెబ్బ తిని ఓడిపోయాడు. ఆయన పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఒసాము నొగుచి అనే బాక్సింగ్ పోటీల నిర్వాహకుడు ఇదంతా చూశాడు. కరాటే, ముయే థాయ్, బాక్సింగ్ మూడూ కలిపి కొత్త ఆట తయారు చేసి దానికి "కిక్ బాక్సింగ్" అని పేరు పెట్టాడు. మొదటి పోటీలు 1966 ఏప్రిల్‌లో ఒసాకా నగరంలో జరిగాయి. అంటే ఆటకు ఇంగ్లీషు పేరున్నా పుట్టిల్లు మాత్రం జపానే.

పదహారు సార్లు పడ్డవాడు

ఈ ఆటకు మొదటి హీరో తదాషి సవమురా. కరాటే నుంచి వచ్చాడు. మొదట్లో గెలిచేసరికి ఇక నాకు ఎదురు లేదనుకున్నాడు. అదే 1966లో సమాన్ అనే థాయ్ యోధుడితో తలపడ్డాడు. ఆ పోటీలో సవమురా పదహారు సార్లు కింద పడ్డాడు. నాలుగో రౌండులో ఇక లేవలేకపోయాడు.

మనమైతే ఆ మర్నాడే ఇంటికి పోయే బస్సెక్కేవాళ్ళం. అతను మళ్ళీ అ, ఆల నుంచి మొదలుపెట్టాడు. ముయే థాయ్ దెబ్బలు నేర్చుకున్నాడు. గాల్లోకి ఎగిరి మోకాలితో కొట్టే దెబ్బ అతని గుర్తు అయిపోయింది. టీవీలో అతని పోటీలు వస్తుంటే జపాన్‌లో ఇల్లిల్లూ చూసేది. అతని మీద పిల్లల కార్టూన్ సీరియల్ కూడా వచ్చింది. 1973లో జపాన్ ప్రొఫెషనల్ క్రీడల పెద్ద బహుమతి అతనికే ఇచ్చారు. ఆ ఏడాది బేస్‌బాల్‌లో సదహారు ఓ అనే మహా ఆటగాడు గొప్పగా ఆడినా బహుమతి సవమురాకే వచ్చింది. సవమురా 2021లో చనిపోయాడు.

థాయ్ బెల్టు తెచ్చినవాడు

మోచేతి దెబ్బ తిని వచ్చిన కురొసాకి ఊరుకోలేదు. తోక్యోలో మెజిరో అనే జిమ్ పెట్టి శిష్యుల్ని తయారు చేశాడు. శిక్షణ మహా కఠినం అని పేరు. వాళ్ళలో ఒకడు తొషియో ఫుజివారా. 1948లో ఇవాతె అనే ఉత్తరాది ప్రాంతంలో, మియాకో అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో పుట్టాడు.

బ్యాంకాక్‌లో రాజదమ్నర్న్ అనే స్టేడియం ఉంది. అక్కడి బెల్టు ముయే థాయ్‌లో అన్నిటికన్నా గౌరవం ఉన్న వాటిలో ఒకటి. 1978 మార్చిలో ఫుజివారా ఆ స్టేడియం లైట్ వెయిట్ బెల్టు గెలిచాడు. థాయ్ కానివాడు అలాంటి బెల్టు గెలవడం అదే మొదలు. కొన్ని నెలలకే మళ్ళీ ఓడి బెల్టు పోగొట్టుకున్నాడు. అయినా మొదటివాడు మొదటివాడే గదా!

కురొసాకి దగ్గర నేర్చుకున్న యాన్ ప్లాస్ అనే నెదర్లాండ్స్ అతను తన దేశం వెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్‌లో అదే మెజిరో పేరుతో జిమ్ పెట్టాడు. ఆ దేశం నుంచి తర్వాత ఎంతోమంది ఛాంపియన్లు వచ్చారు. ఒక్క మోచేతి దెబ్బ ఎంత దూరం పోయిందో చూడండి.

లైట్ వెయిట్ అంటే ఏమిటి?

ఫుజివారా గెలిచిన లైట్ వెయిట్ హద్దు 135 పౌన్లు. మన లెక్కలో 61 కిలోల పైన కొంచెం. అంటే మన మెస్‌కు వచ్చే బియ్యం బస్తా కన్నా పది, పదకొండు కిలోలు ఎక్కువ, అంతే!

బరువు తరగతులు ఎందుకు? తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించినది. ఇద్దరూ ఒకే వేగంతో కొడితే బరువైనవాడి దెబ్బే గట్టిగా తగులుతుంది. తేలికవాడు ఎంత నేర్పరి అయినా వరసగా అలాంటి దెబ్బలు తింటే తట్టుకోలేడు. అందుకే ఒకే బరువు వాళ్ళను ఒకరితో ఒకరికి పెడతారు. అప్పుడే ఎవరి విద్య ఎంతో తేలుతుంది.

దీనికి ఒక ఉదాహరణ. తెన్షిన్ నసుకవా అని జపాన్‌లో గొప్ప తేలిక బరువు యోధుడు. 2018 డిసెంబరు 31న అతన్ని తనకన్నా చాలా బరువైన అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌తో బాక్సింగ్ ప్రదర్శనకు దింపారు. మొదటి రౌండు పూర్తి కాకముందే తెన్షిన్ మూడు సార్లు పడ్డాడు. ఆట ఆపేశారు. తెన్షిన్ ఏడ్చాడు. అతనిలో విద్య లేక కాదు. అది అతని ఆటా కాదు, అతని బరువూ కాదు.

ఇప్పుడు నా సంగతి. నేను 38 కిలోలు. నాతో ఆడినవాడు 52 కిలోలు. "బక్కోడా" అన్నాడని పౌరుషానికి పోయి లేచాను. జపాన్‌లో అయితే మా ఇద్దర్నీ ఒక రింగులోకి రానివ్వరు.

కె-1 రోజులు

1993లో కజుయొషి ఇషి అనే కరాటే గురువు కె-1 పోటీలు మొదలుపెట్టాడు. మొదట అంతా భారీకాయుల ఆట. 2002లో 70 కిలోల వాళ్ళకు మ్యాక్స్ పేరుతో వేరే పోటీ పెట్టారు. అందులో మసాతో అనే జపాన్ యోధుడు 2003లో, మళ్ళీ 2008లో గెలిచాడు. థాయ్ యోధుడు బువకావ్ కూడా 2004లో, 2006లో గెలిచాడు. చిన్నవాళ్ళ ఆట వేగంగా, ముచ్చటగా ఉంటుందని జనానికి అప్పుడు బాగా తెలిసింది. తర్వాత 63 కిలోల పోటీలు, 2014లో కె-1ను కొత్తగా నడిపినప్పుడు ఇంకా తక్కువ తరగతులు వచ్చాయి. అందులో లైట్ వెయిట్ హద్దు 62.5 కిలోలు. దాని కింద 60, 57.5, 55, 53 కిలోల తరగతులు కూడా ఉన్నాయి. రెండు, రెండున్నర కిలోలకు ఒక మెట్టు అన్నమాట!

నియమాలు కూడా తెలుసుకోండి. మామూలుగా మూడు నిమిషాల రౌండ్లు మూడు. చేతులకు గ్లౌజులు, నోట్లో పళ్ళ రక్షణ తప్పనిసరి. మోచేతితో కొట్టకూడదు. పట్టుకుని వేలాడకూడదు. పడ్డవాణ్ణి కొట్టకూడదు. కింద పడితే రిఫరీ లెక్క పెడతాడు. ఒకే రౌండులో మూడు సార్లు పడితే ఆట అయిపోయినట్టే. పక్కనే డాక్టరు ఉంటాడు. మన మంచాల మధ్య వీటిల్లో ఏదుంది? ట్రంకు పెట్టె ఒక్కటే ఉంది.

ఏడేళ్ళు ఎదురుచూసిన పోటీ

ఇప్పుడు అసలు కథ. తెన్షిన్ 1998లో పుట్టాడు. ఐదేళ్ళప్పుడు కరాటే మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్నే గురువు. ఇంకొకడు తకెరు. 1991లో తొత్తొరి ప్రాంతంలోని యొనాగోలో పుట్టాడు. కె-1లో 55, 57.5, 60 కిలోలు, మూడు తరగతుల్లోనూ ఛాంపియన్ అయ్యాడు. ఇద్దరూ వేర్వేరు సంస్థల్లో ఆడేవాళ్ళు. 2015లో తెన్షిన్ సవాలు విసిరాడు. సంస్థలకు పడక ఏడేళ్ళు గడిచాయి.

చివరికి 2022 జూన్ 19న తోక్యో డోమ్‌లో పోటీ జరిగింది. చూడ్డానికి 56,399 మంది వచ్చారు. ఇద్దరికీ 58 కిలోల హద్దు పెట్టారు. ముందు రోజు 58 కిలోలు దాటకూడదు, పోటీ రోజు 62 కిలోలు దాటకూడదు. మొదటి రౌండు చివర్లో తెన్షిన్ ఎడమ చేతి దెబ్బకు తకెరు కింద పడ్డాడు. లేచి చివరి దాకా ఆడాడు. ఐదుగురు జడ్జీలూ తెన్షినే గెలిచాడన్నారు. తెన్షిన్ కిక్ బాక్సింగ్‌లో 42 పోటీలు ఆడి ఒక్కటీ ఓడకుండా బాక్సింగ్‌కు వెళ్ళిపోయాడు. తకెరుకు పదేళ్ళ తర్వాత వచ్చిన ఓటమి అది.

బరువు దించడం అనే ప్రమాదం

పోటీ రోజు హద్దు ఎందుకు పెట్టారో చెప్తాను. చాలామంది యోధుల అసలు బరువు ఎక్కువ ఉంటుంది. తూకానికి ముందు కొన్ని రోజులు తిండి తగ్గిస్తారు, నీళ్ళు మానేస్తారు, వేడి గదిలో కూర్చుని చెమట కారుస్తారు. ముందు రోజు తూకం అయ్యాక గబగబా తాగి, తిని, మళ్ళీ బరువెక్కి రింగులోకి వస్తారు. పోయింది కొవ్వు కాదు, నీరు. నీరు పోతే రక్తం చిక్కబడుతుంది, గుండెకు పని పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ స్థితిలో తలకు దెబ్బ తగిలితే మరీ ప్రమాదం. 2015లో మనీలాలో ఒక చైనా యోధుడు ఇలా బరువు దించుకుంటూ ప్రాణమే పోగొట్టుకున్నాడు. వన్ ఛాంపియన్‌షిప్ అనే ఆ సంస్థ ఆ తర్వాత ఒంట్లో నీరు సరిపడా ఉందా లేదా అని పరీక్ష చేసే పద్ధతి తెచ్చింది. మన వినేశ్ ఫోగట్‌ను 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 గ్రాములు ఎక్కువని ఫైనల్ ఆడనివ్వలేదు. రాత్రంతా కష్టపడినా ఆ వంద గ్రాములు దిగలేదు.

ఇది దూరదేశం సంగతి అనుకోకండి. పోయినేడాది కబడ్డీ పోటీలప్పుడు బరువు హద్దులోకి రావాలని మన తరగతి అబ్బాయి మూడు రోజులు మెస్‌లో అన్నం పక్కవాళ్ళకు పెట్టేశాడు. నాలుగో రోజు ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడ్డాడు. ఎండ వల్ల అని మనమంతా సారుకు అబద్ధం చెప్పాం. వాడి అన్నం తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఇక్కడ ఒప్పుకుంటున్నాను. వార్డెన్ సారు క్షమించాలి. తూకం ఏ రోజో నెల ముందే చెప్పి, ఏ తరగతిలో సరిపోతారో ఆ తరగతిలోనే దింపమని పి.ఇ.టి. సారును మనమంతా అడుగుదాం.

ఓడినవాడు ఏం చేశాడు?

ఆ పోటీ అయిన కొద్ది రోజులకే తకెరు విలేకరుల ముందుకొచ్చాడు. తన ఛాంపియన్ బెల్టు వదిలేస్తున్నానన్నాడు. కొన్నేళ్ళుగా తనకు మానసిక జబ్బు ఉందని, డాక్టర్లు డిప్రెషన్, పానిక్ డిజార్డర్ అని చెప్పారని అందరి ముందూ చెప్పాడు. మూడు బెల్టులు గెలిచిన మొనగాడు, దెబ్బలకు భయపడనివాడు, ఆ మాట చెప్పాడు. విశ్రాంతి తీసుకుని మళ్ళీ రింగుకు వచ్చాడు. 2024 జనవరిలో థాయ్ యోధుడు సుపర్‌లెక్‌తో ఐదు రౌండ్లు నిలబడి ఓడాడు. 2025 మార్చిలో రొద్‌తాంగ్ చేతిలో 80 సెకన్లలోనే ఓడాడు. అయినా జపాన్‌లో అతని మీద అభిమానం తగ్గలేదు.

నాకు ఇదంతా చదివాక ఎక్కువ నచ్చింది ఎగిరి కొట్టే మోకాలి దెబ్బ కాదు. ఒకటి, సవమురా పదహారు సార్లు పడి మళ్ళీ నేర్చుకోవడం. రెండు, తకెరు నోరు తెరిచి నాకు బాగోలేదు అని చెప్పడం. మన హాస్టల్లో రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడ్చేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఇంటి మీద బెంగ అని చెప్తే నవ్వుతారని చెప్పరు. అరవై కిలోల ఛాంపియన్ లోకమంతటికీ చెప్పగా లేంది, మనం పక్క మంచం వాడికో, వార్డెన్ సారుకో చెప్పలేమా?

చివరిగా, నా పెదవి పగిలిన మిత్రుడికి: తప్పు నాదీ ఉంది. ముందు కాలెత్తింది నేనే. నువ్వు 52, నేను 38. మనిద్దరం ఒక రింగులో ఆడేవాళ్ళం కాదు, ఒక జట్టులో ఆడేవాళ్ళం. ఆదివారం కబడ్డీకి రా.

– తొమ్మిదో తరగతి విద్యార్థి