ఎండపై వేసిన నింద

గాట్లీబ్ డైమ్లరును విల్‌హెల్మ్ మైబాఖును కలిసి 1885లో నిర్మించిన కొయ్యచట్రపు ద్విచక్రిక, అర అశ్వశక్తి మాత్రమే గల ఇంజినుతో జర్మనీలోని కాన్‌స్టాట్ నుండి తొలి ప్రయాణము సాగించినపుడు, ఆసనము క్రిందనే అమర్చిన జ్వలననాళిక తాపమునకు ఆ ఆసనమే అంటుకొన్నదట. ఉష్ణముతోడి వైరము మోటారు సైకిలునకు ఇట్లు జన్మతః సంక్రమించినది. 1955 నుండి మద్రాసులో కూర్పబడి మన త్రోవలకు చిరపరిచితమైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టునకును అది తప్పలేదు.

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో మూడవవంతైనను చలనముగా మారదు. మిగిలినదానిలో కొంత సైలెన్సరు గుండ పోగా, కొంత సిలిండరు చుట్టునున్న లోహపు రెక్కల మీదుగా గాలిలో కలియవలెను. ఇంజిను కాగిపోయినపుడు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారు తప్పంతయు ఎండపై మోపుదురు. ఇచ్చట ఎండ 45 డిగ్రీలను తాకు దినములు కలవన్నది నిజమే. కాని 150 డిగ్రీలకు చేరిన రెక్కకు, 25 డిగ్రీల గాలి 45 డిగ్రీలైనపుడు, వేడిని వదలుకొను శక్తి ఆరవవంతు మాత్రమే తగ్గును. కె.సి. కాలువ గట్లమీద ముందుచక్రము చిమ్మిన నల్లరేగడి రెక్కల సందులలో ఇరికి, ఎండి, గట్టిపడినపుడు కలుగు నష్టము అంతకంటె మిక్కుటము. వేసవిలో గొంగళి కప్పుకొన్నవాని దురవస్థయే ఆ ఇంజినుది.

కావున మొదట బండిని చల్లారనిచ్చి, కొయ్యపుల్లతో ఆ మన్ను రాల్చి, పిమ్మట ఆయిలు మట్టము చూడవలెను. ప్లగ్గు విప్పినచో సంగతి మరికొంత తెలియును: కొన ఇటుకరంగున నున్న క్షేమము, సున్నమువలె తెల్లబడియున్న, కార్బురేటరు జెట్టు పూడి పెట్రోలు చాలకున్నదనియో, ఎక్కడనో గాలి లీకగుచున్నదనియో గ్రహింపవలెను. పాయింట్ల సర్దుబాటు చెడి నిప్పురవ్వ ఆలసించినచో మంట సైలెన్సరు మొదటివంపు వరకు సాగి, అచ్చటి తళుకు నీలమెక్కును. పెద్దస్టాండు వేసి వెనుకచక్రమును చేతితో త్రిప్పుట పలువురు మరచు పరీక్ష. అది వెంటనే నిలిచిపోయినచో బ్రేకు పట్టియున్నదన్నమాట, ఇంజినులో దోషమే లేకపోవచ్చును.

దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు ఇద్దరిని మోయుచు చిన్నగేరులో ఎక్కు బండికి భారము హెచ్చు, తగులు గాలి తక్కువ. అల్యూమినియపు పిస్టను పోత ఇనుప సిలిండరుకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించుటచే, అట్టి యెడ ఇంజిను పట్టివేయును. లాగుడు తగ్గి చక్రము బిగిసినట్లు తోచిన తక్షణమే క్లచ్చు పట్టవలెను. కాగిన సిలిండరుపై నీళ్లు కుమ్మరించుట ఎంతమాత్రము కూడదు. ఇనుము ఒకవైపే ముడుచుకొని చిట్లవచ్చును. నీడలో నిలిపి, పూర్తిగా ఆరిన తరువాత కిక్కు మెల్లగా త్రొక్కి చూడవలెను. పిస్టను తేలికగా కదలినచో నిదానముగా క్రిందికి దిగవచ్చును. గీరుకొను చప్పుడు వినవచ్చినచో బండిని ఆటోలో ఆళ్లగడ్డకు చేర్చి సిలిండరు విప్పించుట తప్ప గత్యంతరము లేదు.